సవరణ: తొట్లకొండ భీమిలి ఊళ్లో లేదు

భీమిలి గురించి మొన్న రాసిన దానిలో డచ్చి సమాధులు, తొట్లకొండ అనే పాత బౌద్ధ స్థలం ఒకే వాక్యంలో వచ్చాయి. అది చదివి, రెండూ పక్కపక్కనే ఉంటాయనుకుని కొందరు ఊళ్లోనే కొండ కోసం వెతికారట. అందుకే ఈ వివరణ.

తొట్లకొండ భీమిలికి చాలా ముందే, మంగమారిపేట దగ్గర, విశాఖ నుంచి బీచ్ రోడ్డులో సుమారు 15 కిలోమీటర్ల దూరంలో వస్తుంది. పైకి వెళ్లి చూస్తే, వాననీరు నిలిచేలా రాతిలో తొలిచిన తొట్లు, స్తూపం పునాదులు, భిక్షువులు ఉన్న గదుల వరసలు, ఎదురుగా సముద్రం. 1988 నుంచి 1993 వరకు సాగిన తవ్వకాల్లో ఇక్కడ శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఈ కొండను తొందరగా చుట్టేసి వెళ్లకండి, తీరిగ్గా చూడండి.

భీమిలి ఊళ్లో ఉన్న బౌద్ధ స్థలం పావురాలకొండ. దాన్నీ తొట్లకొండనూ కలపవద్దు.

ఇక డచ్చి సమాధులు ఊళ్లోనే ఉన్నాయి. రాతిపలకల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. దయచేసి వాటిపై కూర్చుని ఫొటోలు దిగవద్దు, సుద్దతో అక్షరాలు దిద్దవద్దు. 1825లో డచ్చివారు ఈ ఊరిని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లాక, వారి పేర్లు మిగిలింది ఆ రాళ్ల మీదే.

తొట్లకొండ, డచ్చి సమాధులు రెండూ ఒకే రోజు చూడాలనుకుంటే ఉదయాన్నే తొట్లకొండ ఎక్కండి. ఎండ ముదిరితే పైన నీడ తక్కువ. తాగునీళ్లు వెంట తీసుకెళ్లండి.