ముందు తోడు వెళ్లండి, తర్వాత డబ్బు పంపండి

ఊరికి ఏదైనా చేయాలని ఉందన్న మాట విదేశంలో ఉన్న మన సంఘం సభల్లో తరచుగా వింటాను. ఆ వెంటనే ఎంత ఖర్చవుతుందని అడుగుతారు. నన్నడిగితే ఆ ప్రశ్న చాలా తర్వాత రావాలి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈనాటికీ దొరకనిది, పని పూర్తయ్యేదాకా వెంట ఉండే మనిషి.

తాగే నీళ్లలో ఎక్కువైతే ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడును తగ్గించడానికి నల్లగొండ పేరుతోనే ఒక నీటి శుద్ధి పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో దాన్ని రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు చాలు. నీళ్లలో కలిపి, బాగా తిప్పి, సుమారు గంటసేపు తేరనిచ్చి, అడుగున చేరిన మడ్డి కదలకుండా పైనీళ్లు తీసుకోవాలి. ఖర్చు తక్కువ, ఫ్లోరైడు తగ్గుతుంది. కానీ ఎంత పటిక వేయాలో ఆ ఊరి నీటిని బట్టి మారుతుంది. రోజూ ఎవరో ఒకరు ఓపికగా చేయాలి, మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. ఇంత చవకైన పద్ధతి కూడా పల్లెల్లో నిలదొక్కుకోలేకపోవడానికి ఆ రోజువారీ శ్రద్ధ కరువవడం ఒక ముఖ్య కారణం.

మిషన్ భగీరథ తాగునీటి పథకంతో నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు కృష్ణా నీళ్లు వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు. అయితే అంతకుముందే ఫ్లోరైడుతో వంకరపోయిన ఎముకలు నీళ్లు మారినంత మాత్రాన తిన్నబడవు. మెడ తిప్పలేని, మోకాలు వంచలేని పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వికలాంగుల పింఛను రావాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి. దానికి ముందుగా దరఖాస్తు చేసుకోవాలి, చెప్పిన రోజున ఆసుపత్రికి చేరుకోవాలి. బస్సు మెట్టు ఎక్కలేని తాతకు అక్కడే సగం ప్రాణం పోతుంది. ఆధార్ కార్డు, పాత ఎక్స్‌రేలు ఒక సంచిలో సర్ది, ఆయన్ను ఆటోలో కూర్చోబెట్టి, వరుసలో ఆయన బదులు నిలబడి, డాక్టరు చెప్పింది ఆయనకు అర్థమయ్యేలా చెప్పి, చీకటి పడేలోగా ఇల్లు చేర్చడం ఒక రోజు పని. ఏ శిలాఫలకం మీదా పేరు పడదు. స్వచ్ఛంద సేవ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి పని నాకు కనిపించలేదు.

ఎవరికి ఆ అవసరం ఉందో ఎలా తెలుస్తుంది? ఆశా కార్యకర్తను అడగండి. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో ఆమెకు తెలిసినంతగా సర్పంచికి కూడా తెలియదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో, తర్వాత భూదానోద్యమాన్ని నడిపిన వినోబా భావే మొదట దళితవాడకు వెళ్లి మీకేం కావాలని అడిగారు. 80 ఎకరాల భూమి కావాలన్నారు వాళ్లు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నది ఆ తర్వాతే. మనం మాత్రం ఇవ్వాల్సింది ముందే నిర్ణయించుకుని విమానం ఎక్కుతున్నాం.

పాలమూరు సంగతి వేరు. తల్లిదండ్రులు వలస వెళితే పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకుంటారు. ఇంట్లో చదివించేవాళ్లు ఉండరు. బడిలో పుస్తకాలు ఉంటాయి, చాలా చోట్ల బీరువాలో తాళం వేసి. ఒక్కటి పోయినా జవాబు చెప్పుకోవాల్సింది టీచరే కాబట్టి ఆ భయాన్ని నేను తప్పుపట్టను. ప్రధానోపాధ్యాయుడి అనుమతితో ఆ రిజిస్టరు బాధ్యత మీరు తీసుకోండి. వారానికి రెండు సాయంత్రాలు తాళం తీసి, పిల్లల పేర్లు రాసుకుని, తెచ్చిచ్చిన పుస్తకం గురించి ఒక్క ప్రశ్న అడగండి. కొత్త పుస్తకాల పెట్టెల కన్నా ముందు ఇది జరగాలి.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి విరాళం, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. భారత పౌరులైన ఎన్నారైలు సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు లేదు.

బడి పని చేయాలనుకుంటే మే నెలలో వెళ్లకండి. మామూలుగా ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఊళ్లో దిగిన మొదటి వారమే, మీరు తిరిగివచ్చాక ఆ పని చూసుకోగల స్థానిక యువతీయువకులను వెతికి వెంట తిప్పుకోండి. వాళ్ల బస్సు చార్జీలు, ఫోను ఖర్చు, పని మానుకున్న రోజు కూలి మీరు భరించండి. అప్పుడు అడగండి, ఎంత ఖర్చవుతుందని.