స్క్రైబ్‌తో సాధన ముందే మొదలుపెట్టండి

విశాఖలో డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉన్న పిల్లలకు పదో తరగతి పరీక్షల్లో స్క్రైబ్ (విద్యార్థి చెప్పింది రాసిపెట్టే సహాయకుడు), అదనపు సమయం గురించి మీరు రాసింది చదివాను, సంతోషం. అసలు చిక్కు ఆలస్యంలో ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బంది చేరినా, హాల్ టికెట్ల వేళ ఆ ఇబ్బంది ఉందని చెప్పే సర్టిఫికెట్ కోసం పరుగెడితే లాభం లేదు. మూడో తరగతిలోనే ముందుగా కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించి, తర్వాత చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా పరీక్ష చేయించండి. పాత నోటు పుస్తకాలు దాచండి. ఒత్తులు ఎగిరిపోవడం, ‘భ’ బదులు ‘బ’ పడడం వాటిలోనే తెలుస్తుంది.

చెప్పి రాయించడం వేరే విద్య. జవాబు తెలిసిన పిల్లలే వేగంగా చెప్పేసి, రాసేవారు ఎక్కడున్నారో గమనించక వాక్యం పోగొట్టుకుంటారు. లెక్కల్లో సమీకరణాలు చెప్పడం మరీ కష్టం. కనీసం మూడు నెలలు, వారానికో పాత ప్రశ్నపత్రం ఇలా రాయించండి. కేంద్ర మార్గదర్శకాలు చెప్పే గంటకు 20 నిమిషాల అదనపు సమయం కూడా అప్పుడే కలిపి ఇవ్వండి.