అమ్మ మోకాళ్ళూ, కనిగిరి నీళ్ళూ

కిందటిసారి అమ్మ ఊరి నుంచి అమెరికాలో మా ఇంటికి వచ్చినప్పుడు సూట్‌కేసు తెరిస్తే పచ్చళ్ళకంటే మోకాళ్ళ సరంజామానే ఎక్కువుంది. మహానారాయణ తైలం రెండు సీసాలు, నీళ్ళలో కాచుకోవడానికి ఎండబెట్టిన వావిలాకు, ఉప్పు మూట కట్టి కాపడం పెట్టుకోవడానికి పాత చీర ముక్క. అన్నిటికీ అడుగున, పేరూ ఊరూ లేని తెల్లకాగితం పొట్లాలు ఇరవై దాకా.

తైలంతో నాకు పేచీ లేదు. వావిలాకుతో అసలే లేదు, మా ఇంట్లో బాలింతలందరూ ఆ నీళ్ళే పోసుకున్నారు. నా గొడవంతా ఆ పొట్లాలతోనే.

మా కనిగిరి వైపు ఏ కీలు పట్టేసినా ఒకటే పేరు: వాతం. వయసుతో గుజ్జు అరిగినా వాతమే, ఒంటి రక్షణ శక్తే కీళ్ళ మీద తిరగబడే రుమటాయిడ్ వచ్చి వేళ్ళు వంకరపోతున్నా వాతమే, యూరిక్ యాసిడ్ పెరిగి అర్ధరాత్రి కాలి బొటనవేలు నిప్పులా మండినా వాతమే. రోగానికి పేరు ఒకటే అయితే మందూ ఒకటే అనుకుంటాం. ఆకుపసరంటే మనకు ఎంత గురో 2021 మే నెలలో ఆనందయ్య కరోనా మందు కోసం జనం ఎగబడ్డ కృష్ణపట్నం దారులు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక మా వైపు ఇంకోటుంది, నీళ్ళు. ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకల్ని పాడుచేస్తున్నాయని మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్ళాయి, ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం పేరొచ్చింది. జిల్లా మారింది గానీ బోరు నీళ్ళు మారలేదు. ఈ జబ్బు మొదట్లో అచ్చం కీళ్ళనొప్పుల్లాగే ఉంటుంది. పొద్దున లేవగానే నడుము పట్టేస్తుంది, మెడ తిరగదు. తర్వాత ఎముకల్ని పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు కూడా గట్టిపడి మనిషి వంగిపోతాడు. దానికి ఎన్ని తైలాలు రుద్దితే ఏం లాభం? ముందు తాగే నీళ్ళు మార్చాలి. కాచి తాగితే పోతుందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాస్తే నీళ్ళు ఇగిరిపోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

సరే, పొట్లాల సంగతి. అవి అమ్మకిచ్చింది మా పిన్ని. వారానికోసారి ఒక ఊళ్ళో కూర్చునే వైద్యుడి దగ్గర తెచ్చుకునేది. "మూడో రోజుకే మేడ మెట్లెక్కాను అబ్బయా" అని ఫోన్లో మురిసిపోయింది. నెలలు గడిచేకొద్దీ ముఖం గుండ్రంగా నిండింది, కళ వచ్చిందన్నారందరూ. ఆ తర్వాత షుగరు మూడు వందలు దాటింది. డాక్టరు చూసిన చూపులోనే ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపారన్నాడు. నేను ఇక్కణ్ణుంచి ఆవేశంగా "ఈ క్షణమే మానెయ్ పిన్నీ" అని అరిచాను. అదీ నా తప్పే. నెలల తరబడి స్టెరాయిడ్ వాడిన ఒళ్ళు దాన్ని ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. రెండు రోజులకే బీపీ పడిపోయి ఆస్పత్రిలో చేర్చారు.

మన పల్లెల్లోనే ఇలా అనుకోకండి. ఆర్ట్రి కింగ్ అని కీళ్ళనొప్పుల మూలికా మాత్రలు ఇక్కడ అమెరికాలోనే అమ్మారు. వాటిలో డబ్బా మీద రాయని డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నాయని 2022లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళ కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షించి 2004లో ఫలితాలు చెప్పారు: 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయి. అందుకే నాదొక మొరటు లెక్క: ఏళ్ళనాటి నొప్పి మూడు రోజుల్లో మాయమైతే సంబరపడకుండా ఆ పొడిలో ఏముందో అనుమానపడాలి.

పసుపు కూరలో వేసుకుంటే ఎవరూ వద్దనరు. అదే పసుపు సారాన్ని మాత్రలుగా చేసి, ఒంటికి బాగా పట్టాలని మిరియాల సారం కలిపి అమ్మేవి వేరే కథ. వాటితో లివరు దెబ్బతిన్నవాళ్ళున్నారు. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు అడక్కుండా వేసుకోకూడదు. మనం కాస్ట్కోలో డబ్బాలు డబ్బాలు కొని ఊరికి మోసుకెళ్ళే కీళ్ళ మాత్ర గ్లూకోసమిన్‌ను 1,583 మంది మీద పరీక్షించి 2006లో ఫలితాలు చెప్పారు: మొత్తం మీద మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే మెరుగేం కాదు. రుమటాయిడ్ అయితే ఆకులతో కాలం గడపడం మరీ నష్టం. అరిగిపోయిన కీలు తిరిగి రాదు.

అరుగుదల నొప్పికి నిజంగా పనికొచ్చేవి చూస్తే చాలా చప్పగా ఉంటాయి. తొడ కండరానికి బలం, నడక, బరువు తగ్గడం. ఒంట్లో కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మనమేమో అమ్మానాన్నల్ని ఆరునెలలకు పిలిపించుకుని, చలికాలమంతా సోఫాలో కూర్చోబెట్టి, పాత జబ్బులకు వర్తించని విజిటర్ ఇన్సూరెన్సు తీసి, పైన ఒక తైలం సీసా చేతిలో పెడతాం.

పొట్లాలు చెత్తబుట్టలో వేసినందుకు అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫిజియోథెరపిస్టు చూపించినట్టు కుర్చీలో కూర్చుని కాలు చాచి, పదంకెలు లెక్కపెట్టి దించమన్నాను. "ఇదేం మందురా, చేదు కూడా లేదు" అంది. ఆ తర్వాత సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా చేసేది. తైలం మాత్రం మానలేదు. రాత్రిపూట గోరువెచ్చగా కాచి నేనే రాసేవాణ్ణి. ఆ పది నిమిషాలు ఊరి కబుర్లు చెప్పేది: నల్లేరు కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోకపోతే ఎంత దురదో, ఈనెలు తీసి నూనెలో బాగా వేయించకపోతే గొంతు ఎలా పట్టుకుంటుందో. ఈసారి వచ్చేటప్పుడు రెండు సీసాల నల్లేరు పచ్చడి తెస్తానని ఫోన్లో అంది. ఊళ్ళో ఇంట్లో నీళ్ళ ఫిల్టరు పెట్టించావా అని అడిగితే, "పెట్టించాలేరా, పప్పు త్వరగా ఉడుకుతోంది" అంది.