ఓడను ఆపగలిగారు కాబట్టే ఆ పూచీకత్తు

2025 మేలో కేరళ తీరంలో మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా-3 అనే కంటైనర్ ఓడ పరిహారం కేసుపై మీ వ్యాసం బాగుంది. హన్మకొండకు సముద్రం దూరమే కానీ, నీరు పాడై జాలర్లు నష్టపోయే ఈ బాధ మాకు కొత్త కాదు.

ఆ ఓడ నుంచి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ గుళికలు సగ్గుబియ్యమంత ఉంటాయి. ఇసుకను జల్లెడ పట్టి ఏరుతున్నా ఇంకా మిగులుతూనే ఉంటాయి. కేరళ ప్రభుత్వం రూ.9,531 కోట్లు అడిగింది. అదే ఎంఎస్‌సీ గ్రూపుకు చెందినదంటూ విళింజం రేవులో ఉన్న మరో ఓడను హైకోర్టు ఆపించి, రూ.1,227.62 కోట్ల పూచీకత్తు కోరింది. ఓడలపై వచ్చే క్లెయిముల కోసం ఓడనే ఆపించే అధికారం హైకోర్టుకు ఇచ్చే 2017 అడ్మిరాల్టీ చట్టం ఉండబట్టే ఇది కుదిరింది. ఓడ ఒకసారి రేవు దాటిపోతే ఇక ఎవరి వెంట పడతాం?

నాకు అస్సలు మింగుడుపడనిది ఒకటుంది. అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం యజమాని ఓడ టన్నేజీని (పరిమాణాన్ని) బట్టి తన బాధ్యతకు పరిమితి కోరవచ్చు. నష్టం ఎంతయితే అంత కట్టించాలి కదా! తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేశారని రుజువైతేనే ఆ పరిమితి పోతుంది. ఆ రుజువు చేసే భారం జాలర్ల మీద పడకూడదు.

ఇక్కడ చెరువులో వ్యర్థాలు కలిసి చేపలు తేలితే మత్స్య సహకార సంఘం వాళ్లకు పట్టుకోవడానికి ఓడ కూడా ఉండదు. మన చెరువులకూ వ్యర్థాలు వదిలేవాళ్లతో ముందే పూచీకత్తు కట్టించే నిబంధన కావాలి.