చెవి దగ్గర కరెంటు: పరీక్ష సిరొంచ దాకా రావాలి

మెదడులో రక్తస్రావమై బతికి బయటపడ్డ మనిషికి కోత లేకుండా ఇంకేం చేయొచ్చు? అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీ డాక్టర్లు మెదడు పొరల మధ్య రక్తస్రావమైన 27 మందిపై ఒక చిన్న ప్రయోగం చేశారు. కొందరికి చెవికి క్లిప్పు పెట్టి, రోజుకు రెండుసార్లు 20 నిమిషాల చొప్పున సన్నటి కరెంటు పంపారు. మిగతావాళ్లకు క్లిప్పు ఉంది, కరెంటు లేదు. మెదడు నుంచి ఒంట్లోకి దిగే వేగస్ నరం కొమ్మ ఒకటి చెవి చర్మం దాకా వస్తుంది. దాన్ని కదిలిస్తే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) తగ్గుతుందని వాళ్ల ఆలోచన. దాన్ని సూచించే కొన్ని పదార్థాలు తగ్గాయి కూడా. ఆశపడొచ్చు, కానీ 27 మందితో ఒక వైద్యం ఖాయం కాదు.

రక్తస్రావం తర్వాత గడ్డ కరిగేకొద్దీ చాలామంది వాళ్లంతట వాళ్లే కొంత కోలుకుంటారు. మొదటి కొన్ని నెలల్లో ఏం చేసినా పనిచేసినట్టే కనిపిస్తుంది. పావురం రక్తం రాసినవాడికీ, పసరు పోసినవాడికీ పేరొచ్చేది అందుకే. రేపు మిషన్ అమ్మేవాడికీ అలాగే వస్తుంది. పైగా మెలకువలో ఉన్న మనిషికి చెవి దగ్గర జివ్వుమంటే కరెంటు వస్తోందని తెలిసిపోతుంది, కాబట్టి ఉత్తుత్తి క్లిప్పుతో పోల్చడం కూడా తేలిక కాదు. డెన్మార్క్‌లో చేతికి బీపీ పట్టీలాంటిది బిగించి వదిలే పద్ధతిని అంబులెన్సులోనే మొదలుపెట్టి 1,500 మందిపై పరీక్షించారు. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోయిన స్ట్రోకూ (పక్షవాతం) రక్తస్రావమూ రెండూ అందులో ఉన్నాయి. 2023లో ఫలితం వచ్చింది: ప్రయోజనం కనిపించలేదు. అంతకుముందు దానిమీద ఆశ తక్కువేం కాదు.

చెవి మిషన్‌కు మన దగ్గర పరీక్ష ఎక్కడ పెట్టాలన్నది నాకు పెద్ద ప్రశ్న. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 86 ఊళ్లలో మరణాలను లెక్కగట్టిన ‘సెర్చ్’ ఆరోగ్య సంస్థ పరిశోధకులకు 1,599 మరణాల్లో 229 స్ట్రోక్ వల్లేనని తేలింది. ఏ ఒక్క కారణంతో చూసినా అదే ఎక్కువ. ఆ 229 మందిలో 87 శాతం ఇంట్లోనే పోయారు. ఇంటివాళ్లను అడిగి రాసుకున్న లెక్క కాబట్టి ఎవరిది రక్తస్రావమో, ఎవరిది గడ్డో అది చెప్పలేదు. అది చెప్పాలంటే స్కాన్ కావాలి. ఇక నాగపూర్ ఐసీయూలో మాత్రమే జరిగే ప్రయోగంలో ఈ మనుషులు ఎక్కడ కనిపిస్తారు?

అదే జిల్లా కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, సిరొంచ ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాలకు జిల్లా కేంద్రం కంటే వంతెన అవతలి తెలంగాణే దగ్గర. ఆపద వస్తే మంచిర్యాలకో కరీంనగర్‌కో వరంగల్‌కో పరుగెడతారు. రేషన్ కార్డు మహారాష్ట్రది, డిశ్చార్జి కాగితం తెలంగాణది. ఇంటికొచ్చాక ఆ మనిషి ఏ రాష్ట్రం రిజిస్టర్లోనూ ఉండడు. ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నాడో చూడాల్సిన ప్రయోగానికి ఇంతకంటే పెద్ద చిల్లు ఉండదు.

మాట పోయిన పెద్దాయనను మరాఠీలో ప్రశ్నలడిగి ‘మాట రాలేదు’ అని రాసుకుంటే అది వైద్యం ఫలితం కాదు, అడిగినవాళ్ల తప్పు. ప్రయోగంలో చేరేముందు సంతకం చేసే ఒప్పంద పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని నిబంధన ఉంది. కోలుకున్నాడా లేదా అని కొలిచే ప్రశ్నలకూ అది వర్తించాలి.

ఇవన్నీ కుదరని పనులేం కాదు. పసిపిల్లలకు ఇంటి దగ్గరే సంరక్షణ అన్న పద్ధతిని గడ్చిరోలి ఊళ్లలోనే, పోలిక ఊళ్లు పెట్టుకుని, ‘సెర్చ్’ను స్థాపించిన డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ బృందం పరీక్షించింది. ఆ ఫలితం 1999లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. స్ట్రోక్‌కూ మన దేశంలో పెద్ద పరీక్షే జరిగింది. కుటుంబ సభ్యులకే ఫిజియోథెరపీ నేర్పే పద్ధతిని 14 ఆస్పత్రుల్లో 1,250 మందిపై చూశారు. ఆరు నెలలకు రెండు గుంపుల్లోనూ చనిపోయినవాళ్లూ ఒకరిమీద ఆధారపడ్డవాళ్లూ కలిపి 47 శాతమే. మామూలు వైద్యం కంటే మెరుగు కాదని 2017లో తేలింది. ఆ పద్ధతి వినడానికి ఎంత బాగుందో అందరికీ తెలుసు. అయినా ఫలితాన్ని దాచకుండా ప్రచురించారు. చెవి మిషన్‌కు కూడా అదే కొలబద్ద కావాలి.

ఈలోగా ఆగకూడని పని ఒకటుంది. మెదడు లోపలి రక్తస్రావానికి ప్రధాన కారణం బీపీ, దాని మాత్రలు చవక. 2023లో పది దేశాల్లో అలాంటి రక్తస్రావమైన 7,000 మందికి పైగా రోగులతో జరిగిన పరీక్షలో బీపీని త్వరగా దించడం, షుగర్, జ్వరం అదుపులో పెట్టడం, రక్తం పలచబరిచే మందుల ప్రభావాన్ని తిప్పికొట్టడం కలిపి చేస్తే రోగులు మెరుగ్గా ఉన్నారు. ప్రయోగంలో చేరినవాళ్లందరికీ, ఏ గుంపులో ఉన్నా, ఈ వైద్యం అందాలి. ప్రయోగం ముగిశాక బీపీ మాత్రలు సిరొంచ ఆస్పత్రిలో ప్రతి నెలా దొరికే ఏర్పాటును అనుమతి షరతుల్లోనే రాయాలి.