లెగ్‌బ్రేక్ సాధన మానండి, కళను కాపాడండి

క్లబ్ క్రికెట్‌లో మణికట్టు స్పిన్ అంతరించిపోతోందని పెద్దలు కొందరు వాపోతుంటారు. వాళ్లు మైదానం ముఖం చూసి ఎన్నాళ్లయిందో! ఏ సెలవు రోజైనా ఏ జట్టు దగ్గరికైనా వెళ్లి చూడండి. నలుగురి దగ్గర, బయటికి తిరుగుతుందనిపించి లోపలికి తిరిగే గూగ్లీ ఉంటుంది. ఇద్దరి దగ్గర ఫ్లిప్పర్ ఉంటుంది. ఒకాయన దగ్గర ఇంకా నామకరణం కాని బంతి కూడా ఉంటుంది. అది ఎటు పోతుందో ఆయనకే తెలియదు కాబట్టి ఆ శుభకార్యం వాయిదా పడుతూ వస్తోంది. ఇంత సంపదలో లేనిదల్లా కుడిచేతి బ్యాటర్ నుంచి బయటికి తిరిగే ఒక్క లెగ్‌బ్రేక్. అది లోపమని కోచ్‌లు అంటారు. కాదు, అది మన సిద్ధాంతమని నిరూపించడానికే ఈ వ్యాసం.

ముందు కోచ్‌లు చెప్పే సాధన ఎంత అమానుషమో చూద్దాం. చూపుడు వేలూ మధ్య వేలూ సీమ్‌కు, అంటే బంతి కుట్టుకు, అడ్డంగా పెట్టాలట. ఉంగరపు వేలిని మడిచి బంతిని దానికి ఆనించాలట. లోపలికి మడిచిన మణికట్టును వదిలేటప్పుడు విప్పుతూ, ఆ ఉంగరపు వేలితో బంతిని గట్టిగా తిప్పాలట. ఇంతవరకూ ఎలాగోలా భరించవచ్చు. ఆ తర్వాత చెప్పేదే దారుణం. రనప్ వద్దు. బ్యాటర్ వద్దు. 20.12 మీటర్ల పిచ్ కూడా మొత్తం అక్కర్లేదు, సగం దూరం చాలు. అక్కడ నిలబడి, ఎదురుగా ఉన్నవాడి చేతుల్లోకి బంతిని తిప్పి తిప్పి వేస్తూ ఉండాలి. సీమ్ నిలకడగా తిరుగుతోందా, తూలుతోందా అని కళ్లు చికిలించి చూడాలి. కనబడకపోతే బంతికి ఒక సగం రంగు టేపు అంటించుకోవాలి. అది కుదిరాక రెండడుగుల రనప్, ఆ తర్వాత ముందు కాలి మీద నడుము తిరగడం, చివరికెప్పుడో పూర్తి దూరం. చప్పట్లు ఉండవు. వీడియో తీసి పెట్టినా ఎవరు చూస్తారు? వేసిన బంతే మళ్లీ వేస్తుంటే!

మన పద్ధతి వేరు. నెట్స్‌లో బ్యాటర్ ఇంకా గ్లవ్స్ సర్దుకుంటుండగానే మొదటి బంతి గూగ్లీ. అది పక్క నెట్‌కు తగులుతుంది. "తిరిగింది చూశావా?" అంటాం. తిరిగిన మాట నిజమే. ఎక్కడ పడిందన్నది అప్రస్తుతం. రెండోది ఫ్లిప్పర్. చిటిక వేసినట్టు బొటనవేలికీ వేళ్లకీ మధ్య నుంచి నొక్కి వదిలితే, అది కిందపడ్డాక లేవకుండా జర్రున దూసుకుపోవాలి. మనది కిందపడే అవసరం లేకుండానే బ్యాటర్ తల మీదుగా దూసుకుపోతుంది. ఇలా ఆరు బంతులకు ఆరు రకాలు. తర్వాతి బంతి ఏమిటో బ్యాటర్‌కు తెలియదు, కీపర్‌కు తెలియదు, మనకూ తెలియదు. ఇంతటి గోప్యత పాకిస్తాన్ లెగ్ స్పిన్నర్ అబ్దుల్ ఖాదిర్ కూడా పాటించలేదు. తాను వేయబోయేదేమిటో కనీసం ఆయనకైనా తెలిసేది.

గూగ్లీ ఒక్కటే రోజూ వేస్తే ప్రమాదమని ఇంకో బెదిరింపు ఉంది. ఈ బంతి వదిలే క్షణంలో మణికట్టు మరింత తిరిగి, చేతి వెనక భాగం బ్యాటర్ వైపు ఉండాలి. అందుకోసం భుజం కాస్త వాలుతుంది. అలా వేసీ వేసీ మణికట్టు అక్కడే స్థిరపడిపోతే, తర్వాత లెగ్‌బ్రేక్ వేద్దామన్నా పడదు. కోచ్‌లు దీన్ని జబ్బు అంటారు. మన దృష్టిలో ఇది మోక్షం. ఇక ఏ జన్మలోనూ లెగ్‌బ్రేక్ వేయమని మనల్ని ఎవరూ అడగరు. అయితే కొందరు మొరటు బ్యాటర్లు ఈ గూగ్లీని లోపలికి తిరిగే మామూలు ఆఫ్‌బ్రేక్ అనుకుని మిడ్‌వికెట్ మీదుగా లేపేస్తున్నారు. బంతి బయటికి తిరుగుతుందని భయపడితే కదా లోపలికి తిరిగినప్పుడు మోసపోవడం అని ఎవరో అన్నారు. ఆ చర్చలోకి దిగడం నాకు ఇష్టం లేదు.

చరిత్ర పూర్తిగా మన పక్షానే ఉంది. గూగ్లీ పితామహుడు బెర్నార్డ్ బోసాంకే, టేబుల్ మీద టెన్నిస్ బంతితో ఆడుకుంటూ ఈ విద్య కనిపెట్టాడు. 1900లో లార్డ్స్‌లో ఆ బంతికి తొలిసారి పేరొచ్చింది. 98 పరుగులతో ఆడుతున్న శామ్యూల్ కో స్టంపౌట్ అయ్యాడు. ఆ బంతి నేలను తాకింది ఎన్నిసార్లనుకున్నారు? నాలుగు! నాలుగు గెంతులు గెంతిన బంతి నుంచే ఇంత గొప్ప కళ పుట్టింది. అదే ఇప్పుడైతే క్రీజు చేరేలోపు రెండోసారి నేలను తాకగానే నోబాల్ అంటారు. నిబంధనలు ఇలా కక్ష కట్టకపోయి ఉంటే మనలో ఎంతమంది బోసాంకేలు వెలుగులోకి వచ్చేవారో!

1948లో ఓవల్‌లో ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్‌ను చివరి టెస్ట్ ఇన్నింగ్స్‌లో సున్నాకే బౌల్డ్ చేసిన ఇంగ్లండ్ స్పిన్నర్ ఎరిక్ హోలీస్‌ది కూడా గూగ్లీయే. ఆ దెబ్బకు బ్రాడ్‌మన్ సగటు 99.94 దగ్గర ఆగిపోయింది. ఔటైంది రెండో బంతికి. మొదటిది లెగ్‌బ్రేక్. దాన్ని బ్రాడ్‌మన్ శుభ్రంగా ఆపేశాడు కనుక వృథా పోయినట్టే లెక్క.

ప్రత్యర్థులు ఊరుకోరు, ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్‌ను తెస్తారు. 1993 జూన్ 4న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ గ్యాటింగ్‌కు వేసిన బంతి. బలంగా తిరుగుతూ వచ్చింది కాబట్టి గాలిలోనే లెగ్ వైపు జరిగింది, లెగ్ స్టంప్ బయట పడింది, తిరిగి ఆఫ్ స్టంప్ బెయిల్ లేపింది. శతాబ్దపు బంతి అన్నారు. ఆరా తీస్తే అదొక లెగ్‌బ్రేక్! రహస్యం లేదు, కొత్త పేరు లేదు. నాకైతే నిరాశే మిగిలింది. వార్న్ నుంచి మనం నేర్చుకోదగ్గ మ్యాచ్ వేరే ఉంది. 1992 జనవరిలో సిడ్నీలో భారత్ మీద తొలి టెస్ట్, 150 పరుగులకు ఒక్క వికెట్. రెండు ఓవర్లలో ముప్పై ఇచ్చుకుని వచ్చిన ప్రతి క్లబ్ బౌలరూ ఆ అంకె వల్లించాకే నీళ్లు తాగుతాడు. ఆ తర్వాతి 707 వికెట్ల ప్రస్తావన అక్కడ తేవడం మర్యాద కాదు.

క్లారీ గ్రిమ్మెట్ అని ఇంకో ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ ఉన్నాడు, సాధన మతానికి పీఠాధిపతి. 33 ఏళ్లు వచ్చాక 1925లో తొలి టెస్ట్ ఆడి, 37 టెస్టుల్లో 216 వికెట్లు తీశాడు. పెరట్లో ఒంటరిగా బంతులు వేసుకుంటూ, వాటిని తెచ్చిపెట్టేలా తన కుక్కకు తర్ఫీదు ఇచ్చాడు. ఫ్లిప్పర్‌ను మ్యాచ్‌లో వాడేముందు ఏళ్ల తరబడి దాచిపెట్టి సానబెట్టాడట. ఏళ్ల తరబడి! మనం మధ్యాహ్నం వీడియోలో చూసి సాయంత్రానికి వేసేస్తున్నాం. ప్రగతి అంటే ఏమిటో ఇంతకంటే ఎవరు చూపించగలరు? (ఆ కుక్క మాత్రం "ఒక్క గూగ్లీ వెయ్యవా" అని ఏనాడూ సతాయించి ఉండదు. అంత మంచి కోచ్ దొరకడం అదృష్టం.)

మ్యాచ్‌లో మనకు జరిగే అన్యాయాలు వేరే. పిచ్ తిరగదు. బంతి జారుతుంది. గాలి ఎప్పుడూ అవతలి ఎండ్ నుంచే బాగుంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నవ్వే కెప్టెన్‌కు, బంతి కాస్త ముందు వదిలితే ఫుల్ టాస్, కాస్త ఆలస్యమైతే షార్ట్ అయ్యే ఈ విద్యలోని కష్టం ఏం తెలుసు? స్లిప్, సిల్లీ పాయింట్, షార్ట్ లెగ్ అడిగి తీసుకుంటాం. బంతి మాత్రం పనిగట్టుకుని ఎవరూ లేని బౌండరీ వైపే పోతుంది. ఒక్క ఓవర్‌కే "చాలు, రెస్ట్ తీసుకో" అంటారు. సిక్సర్ కొట్టించుకున్న తర్వాతి బంతి ఇంకా నెమ్మదిగా, ఇంకా గట్టిగా తిప్పే ధైర్యం కావాలంటే కనీసం నాలుగు ఓవర్లయినా ఇవ్వాలి. ఈ ఒక్క ముక్క నేను వేళాకోళానికి అనడం లేదు.

చివరిగా, జట్టు క్రమశిక్షణకు సంబంధించిన ఒక ఫిర్యాదు. మా జట్టులో ఒక కుర్రాడున్నాడు. అందరికంటే ముందు వచ్చి ఒక్క స్టంప్ పాతుకుంటాడు. బంతి పడాల్సిన చోట రుమాలు పరుస్తాడు. లెగ్‌బ్రేక్ వేస్తాడు, వెళ్లి తెచ్చుకుంటాడు, మళ్లీ లెగ్‌బ్రేక్ వేస్తాడు. మ్యాచ్‌లోనూ అంతే. ఏం వస్తుందో బ్యాటర్‌కు ముందే తెలుసు, అయినా ఔటవుతాడు. ఇందులో కళ ఎక్కడుంది? రహస్య బంతుల మీద ఆధారపడ్డ మా అందరి ఓవర్లూ ఇతనికే పోతున్నాయి. కెప్టెన్‌కు నా సూచన ఒక్కటే: అతని చేతి నుంచి బంతి తీసుకుని డీప్ మిడ్‌వికెట్‌లో నిలబెట్టాలి. మేం బౌలింగ్ చేస్తున్నంతసేపూ అక్కడ చేతులు గట్టివాడు ఒకడు అవసరం.