ఆఖరి మనిషి వచ్చేదాకా ఆర్చి దించకండి

మొన్న ఆదివారం జీవితంలో మొదటిసారి ఒక పరుగులో పాల్గొన్నాను. తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు ఉన్న పిల్లల చికిత్స ఖర్చుల కోసం మా పట్టణంలో పెట్టిన ఐదు కిలోమీటర్ల పరుగు అది. రుసుము 300 రూపాయలు. కాలేజీ మైదానంలో బయలుదేరి, కాలువ గట్టు మీదుగా లాకుల దాకా వెళ్లి తిరిగి రావాలి. దారి మొత్తం పూర్తి చేశాను. కానీ నేను మైదానంలోకి వచ్చేసరికి ముగింపు గీత దగ్గర గాలి నింపి నిలబెట్టిన గుడ్డ ఆర్చి నేల మీద పడి ఉంది. నాలుగు రోజులైనా ఆ దృశ్యం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

నాకు నలభై ఆరేళ్లు. ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. నవంబరులో రక్తపరీక్ష చేయించుకుంటే చక్కెర హద్దు మీద ఉందన్నారు. ఆ మర్నాటి నుంచి తెల్లవారుజామునే గట్టు మీదికి వెళ్లడం మొదలుపెట్టాను. ముందు నడక. నెల తిరిగాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలోవే, కొత్తగా మొదలుపెట్టేవారికి ఇలాగే మధ్యమధ్య నడుస్తూ పరుగెత్తమని నేర్పాడట. పక్కన మనిషి ఉంటే మాట్లాడగలిగినంత వేగంలోనే వెళ్లాలి, మాట తెగుతోందంటే తగ్గాలి. నాకు పక్కన మనిషి లేదు కాబట్టి ఎక్కాలు చెప్పుకుంటూ పరుగెత్తేదాన్ని. పన్నెండో ఎక్కం ఆగకుండా చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. గట్టుకు ఒకవైపు దాళ్వా చేలు, మరోవైపు కొబ్బరి తోటలు. మొదటి వారం నన్ను వింతగా చూసిన పాలవాళ్లు నెల తిరిగేసరికి "ఈ రోజు ఆలస్యమైందేమిటండీ టీచరు గారూ" అని పలకరించడం మొదలుపెట్టారు. ఆ మూడు నెలల కష్టం నాకు ఎంత విలువైనదో చెప్పడానికే ఇదంతా రాశాను.

పరుగు ఆరున్నరకు మొదలవుతుందన్నారు. ఆరుకే వెళ్లాం. అతిథులు రావడం, శాలువాలు, ప్రసంగాలు, డ్రోను తిరగడం, అన్నీ అయ్యాక జెండా ఊపేసరికి ఏడూ ఇరవై. ఈ యాభై నిమిషాల ఆలస్యం ఎవరి మీద పడుతుందో నిర్వాహకులు ఆలోచించాలి. గట్టిగా పరుగెత్తేవాళ్లు ఇరవై, పాతిక నిమిషాల్లో ముగించి నీడకు చేరతారు. నాలాంటివాళ్లం ఎనిమిది దాటాక కూడా ఎండలోనే ఉంటాం. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. అంటే నీళ్లు అందరికంటే ఎక్కువ కావలసింది వెనక వచ్చేవారికే. లాకుల దగ్గర బల్ల మీద మేము వెళ్లేటప్పటికి ఖాళీ డబ్బాలే ఉన్నాయి. అక్కడున్న కాలేజీ పిల్లలు పాపం తమ సీసాల్లోవి మాకు పోశారు. వాళ్లను ఒక్క మాట కూడా అనను.

ఆ లాకుల దగ్గరే ఆమె కలిసింది. ముప్పై ఏళ్లుంటాయేమో. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పరుగుకు ఇచ్చిన నంబరు కాగితం, అదే బిబ్‌ను, పైటకు నాలుగు పిన్నీసులతో పెట్టుకుంది. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడుస్తోంది. "మీరు వెళ్లండి అక్కా, నేను మెల్లగా వస్తాను" అంది. "కలిసే వెళదాం పదమ్మా" అన్నాను. నడుస్తూ చెప్పింది. పొద్దున వేదిక మీద నిలబెట్టి ఫొటోలు తీసిన ముగ్గురు పిల్లల్లో ఒకడు ఆమె కొడుకు. ఎనిమిదేళ్లు. ఇరవై రోజులకోసారి రాజమహేంద్రవరం తీసుకెళ్లి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దాన్ని తీసేయడానికి రోజూ మాత్రలు. ఎక్కించే రోజు దగ్గరపడే కొద్దీ వాడికి మెట్లెక్కడం కూడా కష్టమవుతుందట. తనదీ భర్తదీ మేనరికం. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉన్నప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతమని, పెళ్లికి ముందు చిన్న రక్తపరీక్షతో తెలిసేదని బిడ్డ పుట్టాకే తెలిసింది. "ఎవరైనా ముందు చెప్పి ఉంటే అక్కా" అని ఆగిపోయింది. ప్రసంగాలకు యాభై నిమిషాలు తీసుకున్నారు కదా, అందులో ఆ దాగిన లక్షణాన్ని పట్టి చూపే హెచ్‌బీఏ2 పరీక్ష గురించి రెండు నిమిషాలు మాట్లాడినవారు లేరు.

మైదానం గేటు దాటేసరికి ఎనిమిదీ ఇరవై ఐదు. పరుగు మొదలై గంటా ఐదు నిమిషాలు. అప్పటికే గాలి యంత్రం ఆపేశారు. ఆర్చి ఒక కాలు ఇంకా సగం నిలబడి ఉంది, మిగతాది ముడతలు పడి నేల మీద వాలిపోతోంది. ఇద్దరు మనుషులు దాని మీద మోకాళ్లు ఆనించి గాలి బయటికి నొక్కుతున్నారు. ఆ గుడ్డ పక్కన ఆమె కొడుకు నిలబడి ఉన్నాడు. అమ్మ దీని కిందనుంచి వస్తుంది చూడమని వాళ్ల అమ్మమ్మ అక్కడ నిలబెట్టిందట. "ఆర్చి పడిపోయిందమ్మా" అన్నాడు. ఆమె చెప్పులు కింద పెట్టి వాడి తల నిమిరింది. ఏమీ అనలేదు. మెడల్స్ అయిపోయాయన్నారు. వేదిక మీద కుర్చీలు పేర్చేస్తున్నారు.

ఎవరి కోసం ఆ పరుగు పెట్టారో ఆ తల్లికే ముగింపు గీత లేకుండా పోయింది. నా కోపం ఇక్కడే. మర్నాడు నిర్వాహకుల్లో ఒకరికి ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడారు. "అద్దె సమయం అయిపోయిందండీ, అందరూ వచ్చేశారనుకున్నాం" అన్నారు. ఆ "అందరూ"లో మేము లేము. మా వెనక ఇంకో ఐదారుగురు ఉన్నారు, వాళ్లూ లేరు. బిబ్ నంబర్లన్నీ పుస్తకంలో రాసుకున్నారు కదా. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో టిక్కులు పెట్టుకోవడానికి ఒక మనిషి చాలు. గట్టు మీద ఎవరైనా కళ్లు తిరిగి పడిపోయి ఉంటే ఎవరికి తెలిసేది?

ఇది తీరని సమస్య ఏమీ కాదు. 2004లో లండన్‌లో పదమూడు మందితో మొదలై, వారం వారం పార్కుల్లో ఉచితంగా జరిగే పార్క్‌రన్‌లో ఇప్పుడు ప్రతి వారం ఒక వలంటీరు అందరికన్నా వెనక నడుస్తారు. ఆ వలంటీరే చివర చేరతారు కాబట్టి వచ్చినవారిలో ఎవరూ చివరివారు కారు. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడు క్యాన్సర్‌తో కుడికాలు పోయాక, 1980లో కృత్రిమ కాలుతో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు, మరుసటి ఏడాది చనిపోయాడు. అతని పేరిట ఏటా జరిగే పరుగులో విజేతలు లేరు, బహుమతులు లేవు. సేవ కోసం పెట్టే పరుగు ఎలా ఉండాలో అది చూసి నేర్చుకోవచ్చు.

అంత దూరం కూడా అక్కర్లేదు. మన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ తలుపు తట్టినవారికి కూడా పొయ్యి వెలిగించి వండి పెట్టారు. మా బడిలో మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే. వరుసలో చివరి పిల్లవాడి పళ్లెంలో కూర పడిందో లేదో చూశాకే మేము తింటాం. అలాంటి నేల మీద, ఆలస్యంగా వచ్చారని ఆర్చి దించేస్తారా?

"ఇంకొంచెం త్వరగా పరుగెత్తి ఉంటే సరిపోయేది" అని మా సహోద్యోగి ఒకాయన అన్నారు. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. తలసేమియా బిడ్డకు ఒక్కసారి చేసే సాయం చాలదు. దానమిచ్చిన రక్తంలోని ఎర్రకణాలు నిల్వ ఉండేది మహా అయితే 42 రోజులు. ఫిబ్రవరిలో ఇచ్చిన రక్తం మే నెలలో పనికిరాదు. ఆ నెలలోనే కాలేజీలకు సెలవులు, దాతలు దొరకరు. అంటే ఈ పిల్లలకు కావలసింది మళ్లీ మళ్లీ వచ్చే మనుషులు. మొదటిసారి ధైర్యం చేసి వచ్చిన ఆడవాళ్లను, పెద్దవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను ఇలా పంపిస్తే వాళ్లు రెండోసారి ఎందుకు వస్తారు? వేగంగా పరుగెత్తేవారికి ఇంకో పది పోటీలున్నాయి. మాకు ఇదొక్కటే.

గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవారికి ఐదు కిలోమీటర్లు డెబ్బై ఐదు నిమిషాల పని. తొంభై నిమిషాలు ఆర్చి నిలబెట్టండి. అంతకు మించి వీలుకాదంటే ఆ మాట ముందే కరపత్రంలో వేయండి. చెప్పిన వేళకు జెండా ఊపండి, అతిథులు ఆలస్యమైతే ముగింపు దగ్గర మాట్లాడనివ్వండి. నీళ్ల డబ్బాల్లో కొన్ని వెనక వచ్చేవారి కోసం పక్కన పెట్టండి.

ఫోనులో ఆయనకు ఇవన్నీ చెప్పాను. వచ్చే ఏడాది అందరి వెనక నడవడానికి నేను వస్తానని, నా పేరు ఇప్పుడే తీసుకోమని అడిగాను. "చూద్దామండీ" అన్నారు. "చూద్దాం అంటే కుదరదండీ, కాగితం మీద రాసుకోండి" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇంటిపేరుతో సహా చెప్పండి" అన్నారు.